పక్షుల చిట్టా



ఈ సాయంకాలము మిమ్మొక చిన్న ప్రశ్న యడిగి నా ప్రసంగమును మొదలుపెట్టెదను. మీ గ్రామపు పొలిమేరలో చచ్చిన పశువు చుట్టును రాబందుల గుంపు వ్రాలియుండుట మీరు కడపటిసారి చూచినది ఏ సంవత్సరమున?

ఈ ప్రశ్నను నేను పలువురు వృద్ధుల నడిగితిని. చిన్నతనమున రాబందులను చూడలేదన్నవారు లేరు. ఇప్పుడవి కనబడుటలేదని చెప్పనివారును లేరు. కాని కడపటి రాబందు ఫలానా యేట, ఫలానా నెలలో కనబడెనని చెప్పగలిగినవా రొక్కరును దొరకలేదు. పొలము గట్టును గూర్చి తగవు వచ్చినచో నూరేండ్లనాటి కరణపు లెక్కలు తీయించెదము. శిస్తు బాకీ పడినచో చిట్టా తిరుగవేసెదము. కాని మన తలలపైనుండి ఒక పక్షిజాతి జాతియే మాయమైనప్పుడు, అది మాయమైన తేదీ మన యూర నెవ్వరి పుస్తకమునందును లేదు. ఈ లోపమును దీర్చుటకై లోకమున పలుచోట్ల సామాన్యులు పూనుకొన్న ప్రయత్నముల చరిత్రమే నేటి నా ప్రసంగవిషయము.

రాబందుల సంగతినే ముందుగా ముగించెదను. రాజస్థానమునందలి భరత్‌పూరు పక్షిసంరక్షణాలయమున, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు జెందిన విభుప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు 1980 తరువాతి యేండ్లలో పక్షులను పరిశీలించుచు రాబందుల గూళ్ళను గూడ లెక్కించి వ్రాసియుంచెను. అప్పటికి రాబందులు కోకొల్లలు. వానిని లెక్కపెట్టుట వ్యర్థమని నవ్వినవారుండిన నాశ్చర్యము లేదు. పదేండ్లు గడచిన పిమ్మట ఆయన మరల లెక్కింపగా గూళ్ళు పాడుపడియుండెను. బ్రతికియున్న పక్షులు మెడలు వ్రేలవైచి కొమ్మలమీద కూర్చుండియుండెను. దేశమునందలి రహదారుల వెంబడి చేసిన లెక్కలును ఆ మాటనే చెప్పినవి. 1992 నుండి 2007 వరకు గల పదునైదేండ్లలో, వీపు తెల్లగా నుండు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రము మిగిలినవి.

కారణము 2004లో బయటపడినది. పశువుల నొప్పులకును జ్వరమునకును ఇచ్చు డైక్లోఫినాక్ అను మందు, చచ్చిన పశువు మాంసముతోపాటు రాబందు కడుపులో చేరి దాని మూత్రపిండములను చెరచుచుండెను. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమునం దా మందును నిషేధించెను. దానికి బదులుగా రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ అను మందు వాడుకలోనికి వచ్చినది.

ఇందు మనము గమనింపవలసిన దొక్కటి కలదు. భరత్‌పూరులో మొదట లెక్క వ్రాసినప్పుడు రాబందులకు ముప్పు రాగలదని యెవ్వరును ఎరుగరు. ఉన్నవానిని ఉన్నట్లు వ్రాసిరి, అంతియే. ఆ మొదటి లెక్కయే లేకున్నచో, రెండవ లెక్కకు పోల్చి చూచుకొనుట కేమియు నుండెడిది కాదు. "కాలము మారినది" అని నిట్టూర్చి యూరకుందుము. పాత లెక్క యొకటి యుండుటచేత నిట్టూర్పు సాక్ష్యమయ్యెను. సాక్ష్యమునుబట్టి శాసనము పుట్టెను.

ఇక పూర్వచరిత్రము. పక్షుల రాకపోకలను తేదీలతో వ్రాసియుంచు అలవాటు క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని సెల్బోర్న్ అను చిన్న గ్రామమున గిల్బర్ట్ వైట్ అను మతాచార్యు డుండెను. ఆయన దేశాంతరములు తిరుగలేదు. తన యూరి తోటలలోను పొలములలోను తిరిగి, ఏ పక్షి యే దినమున వచ్చెను, ఏ దినమున మొదట కూసెను అను సంగతులను ఏండ్ల తరబడి వ్రాసికొనెను. చూచుట కొక్కతీరుగా నుండు మూడు చిన్నపిట్టలను కూతలలోని భేదమునుబట్టి మూడు జాతులుగా గుర్తించినవా డాయనయే. 1789లో అచ్చయిన ఆయన గ్రంథమును నేటికిని జనులు చదువుచున్నారు. ఒక్క గ్రామమును శ్రద్ధగా చూచినవాడును లోకమునకు పనికివచ్చు విద్య నీయగలడనుటకు ఆయనయే తార్కాణము.

అయితే ఒక్కని పుస్తకములో ఒక్క యూరి సంగతియే యుండును. పక్షులకు ఊరును లేదు, సరిహద్దును లేదు. సైబీరియాలో పుట్టిన బాతు మన చెరువున చలికాలము గడపును. దాని కథను పూర్తిగా దెలిసికొనవలెనన్నచో దారిపొడవునను గల గ్రామములవా రెల్లరును వ్రాసిన లెక్క లొక్కచోట చేరవలెను. ఈ యాలోచనను ఆచరణలో పెట్టినవారిలో వెల్స్ కుక్ అను అమెరికా దేశస్థు డొకడు. ఆయన 1881లో మిస్సిసిపీ నదీప్రాంతమున పక్షులను గమనించువారికి జాబులు వ్రాసి, వలసపక్షులు మొదట కనబడిన తేదీని, విరివిగా కనబడిన తేదీని, వెడలిపోయిన తేదీని వ్రాసి పంపుడని కోరెను. కొలదికాలమునకే ఈ పని ఆ దేశపు పక్షిశాస్త్రజ్ఞుల సంఘమునకును, పిదప ప్రభుత్వమునకును సంక్రమించెను. 1970లో అది ముగియునాటికి చేరిన చిన్న అట్టముక్కలు సుమారు 60 లక్షలు. అవన్నియు చేవ్రాతలే. చాల కాలము బీరువాలలో పడియుండి, తుదకు వాని ఛాయాచిత్రములు తీయబడెను. 2009 మొదలుకొని వేలకొలది స్వచ్ఛందసేవకులు తమ యిండ్లనుండియే వానిని చదివి కంప్యూటరునం దెక్కించుచు వచ్చిరి. వసంతము ముందుకంటె త్వరగా వచ్చుచున్నదా, పక్షులును దానితో త్వరపడుచున్నవా యని యడుగువారికి ఆ పాత చేవ్రాతలే నేడు ప్రమాణము.

ఆ దేశముననే లెక్క లేకపోవుటవలన గలిగిన కీడున కొక ఘోరమైన నిదర్శనము కలదు. అచ్చట ప్రయాణపు పావురము అను నొక జాతి యుండెను. గుంపు గుంపుగా ఎగిరినప్పుడు ఆకాశము చీకటిపడెడిదని చూచినవారు వ్రాసిరి. వాని సంఖ్య 300 కోట్లకు తక్కువ యుండదని శాస్త్రజ్ఞులు తరువాత అంచనా వేసిరి. అంతటి జాతికి అంతమున్నదని యెవ్వరు నమ్ముదురు? జనులు వానిని కాల్చి, వలలు పన్ని పట్టి, రైలుబండ్లలో నగరములకు పంపి అమ్మిరి. ఆ జాతిలో మిగిలిన కడపటి పక్షి 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి నగరపు జంతుప్రదర్శనశాలలో చచ్చెను. మర్తా యని దానికి పేరు. కోట్లు కోట్లుగా నున్నంతకాలము లెక్కింపబడని జాతికి, ఒక్కటి మిగిలినప్పుడు మాత్రము పేరును తేదీయు దక్కినవి.

ఆ విధ్వంసమును కన్నులార చూచిన తరములో ఫ్రాంక్ చాప్‌మన్ అను పక్షిశాస్త్రజ్ఞు డుండెను. క్రిస్మసు పండుగనాడు జట్లుగా చీలి, ఏ జట్టు ఎక్కువ పక్షులను జంతువులను చంపినచో ఆ జట్టు గెలిచినట్లని పందెము వేసికొను ఆచార మా దేశమున నుండెను. చాప్‌మన్ ఆ యాచారమును తిట్టి వెళ్ళగొట్టుటకు ప్రయత్నింపలేదు. దాని స్థానమున వేరొక పందెమును పెట్టెను. చంపుటకు మారుగా లెక్కించి వ్రాయుడనెను. 1900 డిసెంబరు 25వ తేదీన 27 మంది 25 చోట్ల లెక్క పెట్టిరి. సుమారు 90 జాతులు తేలినవి. నాటినుండి ఆ లెక్క యేటేట సాగుచునే యున్నది. నేడు రెండువేలకు పైగా స్థలములలో జరుగుచున్నది. ఇట్టి దీర్ఘకాలపు లెక్కలను కలిపి చూచియే, 1970 నుండి ఉత్తర అమెరికాలో సుమారు 300 కోట్ల పక్షులు, అనగా నూటికి 29 వంతులు, తగ్గిపోయినవని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పండుగనాడు సరదాగా మొదలైన పని నూరేండ్లకు న్యాయస్థానమున నిలుపదగిన పత్రమయ్యెను.

మన దేశపు సంగతికి వచ్చెదము. తెలుగుసీమలోని పక్షులను గూర్చి వ్రాసిన తొలివారిలో జెర్డన్ అను ఇంగ్లీషు వైద్యుడు ముఖ్యుడు. ఆయన నెల్లూరులో కొంతకాల ముద్యోగము చేసి, పక్షుల నమూనాలను సేకరించి, వాని తెలుగు పేరులను గూడ తన గ్రంథములందు వ్రాసియుంచెను. ఆ పేరు లాయన కెవ్వరు చెప్పిరి? వలలు పన్నువారు, పశువుల కాపరులు, అడవుల నెరిగినవారు. వారి పేరులు గ్రంథములో లేవు. వారు చెప్పిన పక్షుల పేరులు మాత్ర మున్నవి. తరువాత 1931-32 సంవత్సరములలో సలీం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షులను సర్వే చేసి, ఆ వివరములను బొంబాయి సంఘపు పత్రికలో వరుసగా ప్రకటించెను. నేటి తెలంగాణమున ఏ పక్షి పెరిగెను, ఏ పక్షి తరిగెనని విచారింపబూనువారికి అది పునాదిరాయి.

జెర్డన్ పేరు పెట్టబడిన పక్షి యొకటి మన కడప సీమలో కలదు. దానిని కలివికోడి యందురు. కలివిపొదలు గల చిట్టడవులలో రాత్రులయందు తిరుగాడు చిన్న నేలపక్షి యది. 1900లో అనంతపురము ప్రాంతమున దానిని చూచినట్లు కాంప్‌బెల్ అను దొర వ్రాసెను. ఆ తరువాత ఎనుబదియారేండ్లపాటు దానిని చూచితినని శాస్త్రజ్ఞు డెవ్వడును వ్రాయలేదు. జాతి యంతరించినదనియే చాలమంది తలచిరి. 1986 జనవరిలో బొంబాయి సంఘమునకు జెందిన భరత్‌భూషణ్ కడప జిల్లాలో గ్రామస్థులను విచారించుచుండగా, స్థానికుడైన యొక వేటగాడు ఆ పక్షి తన కెరుకయే యని చెప్పి, రాత్రివేళ పట్టి తెచ్చి చూపెను. లోకమంతయు చచ్చినదని వ్రాసికొన్న పక్షి ఆ యూరివారికి బ్రతికియే యుండెను! శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మా పక్షి కొరకే యేర్పడినది. తెలుగుగంగ కాలువ దారియు దాని నివాసమును తప్పించుటకై మార్పబడెను.

ఈ కథ విన్నప్పుడెల్ల నాకు సంతోషముతోపాటు కొంత సిగ్గును కలుగును. ఆ యెనుబదియారేండ్లును పోయినది పక్షి కాదు, పద్దు. తెలిసినవానికి వ్రాయుట రాలేదు; వ్రాయువాడు తెలిసినవాని నడుగలేదు.

దీనికి ప్రతిగా మరియొక కథ. పశ్చిమగోదావరి జిల్లాలో, కొల్లేటి సమీపమున, ఆరేడు అను గ్రామపు ప్రాంతమున గూడబాతులు వేలకొలది గూళ్ళు కట్టుకొని పిల్లల లేపుచుండుటను 1946లో నీలకంఠన్ అను మలయాళ దేశపు పక్షిప్రియుడు కనుగొని, 1949లో దానిని గూర్చి వ్యాసము ప్రకటించెను. కాని 1970 తరువాతి యేండ్లలో అచ్చటికి పోయి చూచినవారికి ఆ చెట్లపై గూళ్ళు కనబడలేదు. ఆయన వ్రాసియుండనిచో, అట్టి సంపద యొకటి మన కుండెనని వాదించుటకైనను మన చేతిలో కాగితము లేకపోయెడిది.

ఇంతవరకు చెప్పినవన్నియు కాగితపు లెక్కలు. ఇప్పుడు లోకమంతటి పక్షుల లెక్క లొక్కచోట చేరు విధమును చెప్పెదను. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాలయు, ఆడుబాన్ సంఘమును కలిసి ఇంటర్నెట్టునందు ఒక చిట్టాను తెరచిరి. దానికి ఈబర్డ్ అని పేరు. ఎవ్వడైనను, ఎక్కడనుండియైనను, తాను చూచిన పక్షులను అందు వ్రాయవచ్చును. రుసుము లేదు, పట్టాతో పనిలేదు.

మొదటి కొన్ని సంవత్సరములు ఆ చిట్టా మందకొడిగా నడచెను. "శాస్త్రమునకు సాయము చేయుడు" అని నడపువారు పిలిచిరి. జనులు అంతగా రాలేదు. పిదప వారు ఆలోచించి పద్ధతి మార్చిరి. వ్రాసినవాడు తాను జీవితములో నెన్ని జాతులను చూచెను, తన జిల్లాలో నెన్ని, ఈ సంవత్సరమున నెన్ని యని తన లెక్కను తానే చూచుకొను వీలు కల్పించిరి. వెంటనే వ్రాయువారు పెరిగిరి. మనుష్యస్వభావ మిది. పరోపకారమునకు రమ్మన్న పదిమంది వచ్చెదరు; నీ పద్దు నీకు భద్రముగా దాచియుంచెదమన్న నూరుమంది వచ్చెదరు. 2010 నాటికి ఆ చిట్టా సర్వదేశములకును తెరువబడెను. 2021లో అందలి పద్దుల సంఖ్య 100 కోట్లు దాటెను. మన దేశమున 2014 మొదలుకొని దీని వాడుక బాగుగా వ్యాపించినది. సంక్రాంతి దినములలో తమిళనాట పొంగలి పక్షిలెక్క జరుగుచున్నది. కేరళమున 2015 నుండి 2020 వరకు రాష్ట్రమునంతయు గడులుగా విభజించి, స్వచ్ఛందసేవకులే పక్షుల పటమును సిద్ధముచేసిరి.

ఆ చిట్టాలో వ్రాయవలసిన దేమన్నచో: తేదీ, స్థలము, మొదలుపెట్టిన గంట, ఎంతసేపు చూచినది, ఎంతదూరము నడచినది, ఏ పక్షు లెన్ని. చివర నొక ప్రశ్న యుండును: "నీవు గుర్తించిన పక్షుల నన్నింటిని వ్రాసితివా?" ఈ ప్రశ్నయే ఆ పద్ధతికి ప్రాణము. వింతపక్షిని మాత్రము వ్రాసి, కాకిని మైనాను విడిచిపెట్టినచో, వ్రాయని పక్షి అచ్చట లేదో, ఉండియు వీడు వ్రాయలేదో తెలియదు. అన్నియు వ్రాసితినని యొప్పుకొన్నచో, వ్రాయనిది కనబడలేదనియే యర్థము. ఉన్నదనుట యెంత ముఖ్యమో, కనబడలేదనుటయు నంత ముఖ్యము. జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని లెక్కను కరణము ఒప్పుకొనునా?

అందరును వ్రాయుచున్నప్పుడు తప్పులు దొరలవా యని మీరడుగుదురు. దొరలును. కావున ఏ ప్రాంతమున, ఏ నెలలో, ఏ పక్షి యెంత సంఖ్యలో సాధారణముగా కనబడునో ముందే నిర్ణయించి యుంచిరి. అది మించినచో కంప్యూటరు వెంటనే ప్రశ్నించును. ఆ పద్దును ఆ ప్రాంతపు పక్షుల నెరిగిన స్వచ్ఛంద పరీక్షకు డొకడు విచారించును.

ఆ విచారణ నాకును తగిలినది. ఒక జూన్ నెలలో మా యూరి చెరువున ఆరు చిన్నబాతులను చూచి, చలికాలమున వచ్చు పరజలని తొందరపడి వ్రాసితిని. రెండు దినములకు ఒక పరీక్షకుడు మర్యాదగా జాబు వ్రాసెను: "అయ్యా, ఈ నెలలో పరజలు మన ప్రాంతమున నుండుట అరుదు. అవి యెగిరినప్పుడు ఈలవంటి కూత వినబడినదా?" నేను కన్నులు మూసికొని ఆ దృశ్యమును తలచుకొంటిని. ఈల వినబడినమాట నిజమే! అవి యేడాది పొడవునను మన చెరువులలో నుండు ఈలబాతులు. చిన్నప్పటినుండియు చూచిన పక్షినే నేను పోల్చలేకపోతిని. మొదట అభిమానము దెబ్బతిన్నది. పిదప పద్దు దిద్దితిని. ఆనాటినుండి తెలియనిదానిని తెలియదని వ్రాయుట నేర్చుకొంటిని. ఆ చిట్టాలో అట్లు వ్రాయుటకును వీలున్నది. తప్పు దిద్దుకొన్న లెక్కకు విలువ యెక్కువయే కాని తక్కువ కాదు.

ఇన్ని కోట్ల పద్దులవలన రైతునకేమి లాభమని యడుగువారికి ఒక్క యుదాహరణము చాలును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు నడిమిలోయలో పూర్వముండిన చిత్తడినేలలు చాలవరకు సాగులోనికి వచ్చినవి. ఉత్తరమునకు పోవు వలసపక్షులకు దిగుటకు చోటు లేకపోయెను. భూములను శాశ్వతముగా కొనుటకు డబ్బు చాలదు. అప్పుడొక పరిరక్షణసంస్థ ఈ చిట్టాను పరిశీలించి, ఏ వారమున ఏ ప్రాంతమున పక్షులకు నీరు మిక్కిలి యవసరమో తెలిసికొనెను. 2014లో వరిరైతుల వద్దకు పోయి, "కోతయైన మీ పొలములలో కొన్నివారములపాటు నీరు నిలుపుడు, ఎంత సొమ్ము కావలయునో మీరే చెప్పుడు" అని కోరెను. తక్కువ మొత్తము కోరిన రైతుల మళ్ళలో నీరు నిలిపిరి. తొలి యేట సుమారు పదివేల ఎకరములు పక్షులకు విడిదియయ్యెను. వారములు గడచినతోడనే రైతు నీరు తీసివేసి తన పని తాను చూచుకొనెను. పొలము రైతుదే, పంట రైతుదే; పక్షికి బస, రైతునకు బాడుగ. ఎప్పుడు ఎక్కడ అను ప్రశ్నకు బదులు చెప్పినది సామాన్యులు వ్రాసిన చిట్టాయే.

మన దేశమునందును ఇట్టి లెక్కలనుండి రెండు నివేదికలు వెలువడినవి. 2020లో వెలువడినది పిచ్చుకను గూర్చి యొక ముఖ్యవిషయమును తెలిపినది. పిచ్చుక లంతరించిపోవుచున్నవని మనమందరము విన్నాము. లెక్క చూడగా, మహానగరములలో తగ్గుచున్నను, దేశము మొత్తముమీద ఇరువదియైదేండ్లుగా వాని సంఖ్య ఇంచుమించు నిలుకడగనే యున్నదని తేలినది. 2023 నివేదిక, ముప్పదివేల మంది వ్రాసిన మూడు కోట్ల పద్దులపై నాధారపడినది. దీర్ఘకాలపు స్థితిని నిర్ణయించుటకు వీలైన 338 జాతులలో 204 తగ్గినవి, 98 నిలుకడగా నున్నవి, 36 పెరిగినవి. పెరిగినవానిలో నెమలియు కోకిలయు నున్నవి. తగ్గినవానిలో మన పాలపిట్ట యున్నది. విజయదశమినాడు జమ్మిచెట్టునొద్దకు పోవుచు ఏ పక్షిని చూచుట శుభమని మన పెద్దలు చెప్పిరో, తెలంగాణము ఏ పక్షిని తన రాష్ట్రపక్షిగా చేసికొనెనో, ఆ పాలపిట్టయే నూటికి ముప్పదివంతులు తగ్గినదని ఆ నివేదిక చెప్పుచున్నది. వినుటకు కష్టముగా నున్నను వినవలసిన మాట యిది. మనకు ప్రియమైనది చల్లగా నున్నదని తలచుటయు, భయపడినది నశించినదని తలచుటయు, రెండును పొరపాటు కావచ్చును. లెక్క మన ముఖము చూచి మాటాడదు.

ఈ చిట్టాలో లోపములు లేవని నేననను. వ్రాయువారిలో నగరవాసులెక్కువ. వారు పేరుపొందిన చెరువులకును, రహదారులు గల చోట్లకును పోవుదురు. మారుమూల గ్రామములో ఏమున్నదో, ఏమి పోయినదో పటముమీద ఖాళీగనే యుండును. ఖాళీ యనగా పక్షులు లేవని కాదు. చూచి వ్రాసినవాడు లేడని. కలివికోడి కథ మరల మరల జరుగుచునే యున్నదన్నమాట. మరియొక యపాయమును కలదు. అరుదైన పక్షి యున్నచోటు బయటపడినచో వేటగాండ్రును, వ్యాపారులును దానిని వెదకికొని పోగలరు. కావున అట్టి జాతుల స్థలములను నడపువారు గుప్తముగా నుంచుచున్నారు. వ్రాయుట యెంత ధర్మమో, ఏది యెవ్వరికి చూపవలెనో వివేకించుటయు నంత ధర్మము.

పెద్దలారా, ఈ ప్రసంగమును మీకు వినిపింపవలెనని నేను ప్రత్యేకముగా కోరుట కొక కారణము కలదు. 1950, 1960 నాటి మీ చెరువును చూచిన కన్నులు నేటికిని కొన్ని మిగిలియున్నవి. చలికాలమున ఎన్ని బాతులు దిగుచుండెనో, ఏ మఱ్ఱిపై రాబందులు గూళ్ళు కట్టెనో, ఏ యేటి కరవు తరువాత ఏ పక్షి రాలేదో, ఆ సంగతులు ఏ కంప్యూటరునందును లేవు. మీ జ్ఞాపకమున నున్నవి. జ్ఞాపకము చిట్టా కాదు. సంవత్సరములు కలిసిపోవును, సంఖ్యలు పెరుగును. కాని పెండ్లిండ్లను, తుపానులను, పంటలను గుర్తుగా పెట్టుకొని మీరు తేదీలను నిర్ణయింపగలరు. "తెలిసినది యింత, ఊహ యింత" అని విడదీసి చెప్పగలరు. చదువుకొన్న మనుమని యొద్ద కూర్చుండబెట్టుకొని వ్రాయింపుడు. మీ యూర పక్షిని పిలుచు పేరునే వ్రాయింపుడు. వాని చేతిలో సెల్‌ఫోనున్నది. మీ కంటిలో గురుతు ఉన్నది. రెండును కలిసిన నాడు పద్దు పూర్తియగును.

నేటి లెక్కకు గొప్ప పరికరము లేవియు నక్కరలేదు. ఉదయమున చెరువుగట్టుమీద పావుగంట నిలువుడు. కాకి మొదలుకొని కనబడిన ప్రతి పక్షిని లెక్కించి, తేదీ వేసి వ్రాయుడు. కనబడనిదానిని కనబడినదని వ్రాయకుడు. కనబడినది కాకియే కదా యని విడువకుడు. రాబందులు కోకొల్లలుగా నున్నప్పుడు వ్రాసినవాని లెక్కయే తరువాత పనికివచ్చెనని మరువకుడు.

నేనడిగిన మొదటి ప్రశ్నకు మనలో నెవ్వరికిని సమాధానము దొరకలేదు. కడపటి రాబందు తేదీ పోనేపోయినది. దానిని తిరిగి తేలేము. పాలపిట్టను గూర్చి ఏబదియేండ్ల తరువాత మన మునిమనుమ లిదే ప్రశ్న వేసినచో, వారికి చూపుటకు మన చేతివ్రాత యొకటి యుండవలెనని నా మనవి.